ఫిల్మ్, డిజిటల్: ఫోటో తీసే అలవాట్లను చక్కదిద్దుకునేందుకు సమగ్ర మార్గదర్శి

ఒడిశాలోని పర్లాకిమిడిలో కొమ్ముతో బొమ్మలు చేసే ఒక పెద్దాయన అరుగు మీద, కిందటి చలికాలంలో, ఇద్దరు కుర్రవాళ్ల చేత ఫోటోలు తీయించాను. ఆయన కొంగ మెడలా వంచిన కొమ్మును కాళ్ల మధ్య బిగించి ఆకురాయితో రాస్తున్నాడు. సన్నటి పొడి మోకాళ్ల మీద రాలుతోంది. ఒక కుర్రవాడి చేతిలో డిజిటల్ కెమెరా ఉంది, రెండోవాడి చేతిలో 12 ఫ్రేముల రీలు పట్టే నా పాత యాషికా మ్యాట్ ఉంది. "ఇంకా అవనేదేటి బాబూ?" అని పెద్దాయన అడిగేసరికి మొదటివాడు 140 ఫోటోలు తీశాడు, రెండోవాడు మూడు తీశాడు. ఇద్దరినీ ఒకే ప్రశ్న అడిగాను: ఇప్పుడు తీసినవాటిలో మీకు బాగా వచ్చిందని నమ్మకం ఉన్నది ఏది? రెండోవాడు వెంటనే, పెద్దాయన తల వంచి పొడిని ఊదిన క్షణం అని చెప్పాడు. మొదటివాడు తెర వెలిగించి వెతకడం మొదలుపెట్టాడు.

తరువాత ఇద్దరివీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు మొదటివాడి 140లో ఒకటి రెండోవాడి మూడింటికంటే మేలైన ఫోటోగా తేలింది. కాబట్టి ఫిల్మ్ గొప్పది, డిజిటల్ తక్కువది అని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. మొదటివాడు ఆ ఫోటో తీస్తున్నప్పుడు దాన్ని చూడలేదన్నదే నా బాధ. ఫిల్మ్ కెమెరా మన చేత నిర్ణయాన్ని మీట నొక్కక ముందే చేయిస్తుంది. డిజిటల్ కెమెరా ఆ నిర్ణయాన్ని ఇంటికి వెళ్లేదాకా, ఒక్కోసారి ఎన్నటికీ, వాయిదా వేయనిస్తుంది. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో మన తెలుగు పిల్లలు చాలామంది పెళ్లిళ్లకూ యాత్రలకూ ఫోటోలు తీసి బతుకుతున్నారు, ఇంకా చాలామంది ఇష్టంతో తీస్తున్నారు. వారిలో ఎవరైనా ఒక నెలన్నర పాటు శ్రద్ధగా చేయదగిన సాధనను, నేను చేసి, చేయించి చూసిన క్రమంలో ఇక్కడ రాస్తున్నాను.

మొదటి అడుగు: మీ చేయి ఏం చేస్తోందో లెక్క చూసుకోండి

కొత్త కెమెరా కొనకముందు, రీలు కొనకముందు, మీ దగ్గర ఇప్పటికే ఉన్న ఫోటోలతో మొదలుపెట్టండి. ఈ మధ్య ఒకే చోట, ఒకే పూట తీసిన ఫోటోల ఫోల్డరు ఒకటి తెరవండి. ఫోనులో తీసినవైనా ఫరవాలేదు. ప్రతి డిజిటల్ ఫోటోతో పాటు తీసిన సమయం సెకన్లతో సహా, షట్టర్ వేగం (వెలుగును ఎంతసేపు లోపలికి వదిలామో), అపెర్చర్ (లెన్సు రంధ్రాన్ని ఎంత తెరిచామో), ఐ.ఎస్.ఓ. (వెలుగును పట్టే చురుకుదనం) అన్నీ ఫైలులోనే నమోదై ఉంటాయి. మీ అలవాట్లకు అంతకంటే నిజాయతీగల సాక్ష్యం మరొకటి దొరకదు.

ఒక కాగితం మీద నాలుగు అంకెలు రాసుకోండి. మొత్తం ఎన్ని తీశారు. వాటిలో ముందరి ఫోటోకూ దీనికీ మధ్య రెండు సెకన్లు కూడా లేనివి ఎన్ని. నిలబడ్డ చోటి నుంచి అడుగు కదపకుండా తీసినవి ఎన్ని. అచ్చు వేయించి గోడకు పెట్టుకోదగ్గవి ఎన్ని. మూడో అంకె దగ్గర చాలామంది ఆగిపోతారు. మనం ఎక్కువ ఫోటోలు తీసినంత మాత్రాన ఎక్కువగా చూసినట్టు కాదని ఆ అంకె చెబుతుంది. ఎందుకంటే ఒకే చోట నిలబడి తీసిన నలభై ఫోటోలు నిజానికి ఒకే చూపుకు నలభై నకళ్లు. ఈ కాగితాన్ని పారేయకండి, ఆరో అడుగులో మళ్లీ కావాలి.

రెండో అడుగు: ఒకే కెమెరా, ఒకే లెన్సు, ఒకే రీలు

36 అనే సంఖ్యకు మన వృత్తిలో పెద్ద చరిత్రే ఉంది. సినిమా ఫిల్మును అడ్డంగా వాడుకుంటూ 24 మిల్లీమీటర్ల ఎత్తు, 36 మిల్లీమీటర్ల వెడల్పు ఫ్రేముతో లైకా కెమెరా 1925లో బజారుకు వచ్చిన తరువాత, 36 ఫ్రేముల రీలు ప్రపంచమంతటా ఫోటోగ్రాఫర్ల రోజును కొలిచే గిన్నెగా మారింది. 1975లో కొడక్ సంస్థ ఇంజినీరు స్టీవెన్ సాసన్ తయారుచేసిన తొలి డిజిటల్ కెమెరా ఒక్కో చిత్రాన్ని క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు తీసుకునేది, ఒక టేపులో 30 చిత్రాలు పట్టేవి. అంటే డిజిటల్ కూడా పుట్టినప్పుడు నిదానంగానే, 24 ఫ్రేముల రీలుకూ 36 ఫ్రేముల రీలుకూ మధ్య నిలిచే ఒక అంకెతోనే పుట్టింది. హద్దు లేకపోవడం తరువాత, కార్డులు చవకై పెద్దవయ్యాక వచ్చింది.

సాధన కోసం బ్యాటరీ లేకపోయినా షట్టర్ పనిచేసే మామూలు యాంత్రిక కెమెరా చాలు. 1976 నుంచి రెండు దశాబ్దాల పాటు తయారైన పెంటాక్స్ కె1000 వంటివి పాత స్టూడియోల బీరువాల్లో ఇప్పటికీ ఉన్నాయి. 50 మిల్లీమీటర్ల లెన్సు ఒక్కటే పెట్టుకోండి. జూమ్ లెన్సు చేతిలో ఉంటే కాళ్లు చేయవలసిన పనిని వేళ్లు చేస్తాయి. రీలు ఐ.ఎస్.ఓ. 400 ఉన్న నలుపు తెలుపుది తీసుకోండి. రీలు ఖరీదూ, కడిగించే ఖర్చూ, కొరియర్ ఖర్చూ కలిపి 36తో భాగించి, వచ్చిన మొత్తాన్ని కెమెరా వెనుక చిన్న కాగితం మీద రాసి అంటించండి. ఒక్కో ఫ్రేము ధర కళ్లెదుట కనబడుతుంటే వేలు తనంతట తానే నిదానిస్తుంది. ఇది నేను ఎంతమంది దగ్గరో చూశాను.

ఇప్పుడు రీలు ఎక్కించడం. ఈ ఒక్క పనిని తొందరపడి చేయవద్దని నేను పట్టుబట్టడానికి కారణం ఉంది. బరంపురంలో బూఢీ ఠాకురాణి యాత్ర రెండేళ్లకొకసారి చైత్రంలో వస్తుంది; మొక్కు తీర్చుకోవడానికి రకరకాల వేషాలు వేసుకున్నవారితో వీధులు నిండిపోతాయి, రాత్రివేళ ఘటాల ఊరేగింపు సాగుతుంది. నేను కొత్తగా పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక యాత్రలో, జనం మధ్య నిలబడి, చెమట చేతులతో హడావిడిగా రీలు మార్చాను. పులి వేషగాళ్లను తీశాను, వేషం వేసిన కొడుకు ముఖానికి రంగు సరిచేస్తున్న తల్లిని తీశాను. లెక్క చూపే అంకె 36 దాటి 37, 38, 40కి వచ్చినా ఫిల్మును ముందుకు జరిపే మీట ఆగలేదు. అప్పుడు గుండె జారింది. రీలు కొస అవతలి ఇరుసు గాడిలో పట్టుకోనేలేదు. లోపల ఫిల్ము అంగుళం కూడా కదలలేదు. ఆ తల్లి ఫోటో నా దగ్గర లేదు, మళ్లీ యాత్ర రావడానికి రెండేళ్లు పట్టింది, అప్పుడు వెతికినా ఆమె కనబడలేదు.

అందుకని ఇలా చేయండి. నీడలో నిలబడి వెనుక తలుపు తెరిచి, ఫిల్ము కొసను కుడివైపు ఇరుసు గాడిలో దూర్చి, తలుపు మూయకముందే ఒకసారి మీట తిప్పి, ఫిల్ము రెండు అంచుల్లోని రంధ్రాలు పళ్లచక్రం మీద సరిగా కూర్చున్నాయో లేదో కళ్లతో చూడండి. తలుపు మూశాక ఎడమవైపున రీలు వెనక్కి చుట్టే గుండీని మెల్లగా తిప్పి వదులు తీసేయండి. ఆ తరువాత మీట తిప్పిన ప్రతిసారీ ఎడమవైపు గుండీ కూడా తిరగాలి. అది తిరగకపోతే లోపల ఫిల్ము కదలడం లేదన్నమాట. డిజిటల్ కెమెరా చేతికి వచ్చాక కూడా, ఊరేగింపు మొదలయ్యే ముందు కార్డు ఉందా, దానిలో చోటుందా, తీసిన మొదటి ఫోటో నిజంగా నమోదైందా అని చూసుకునే అలవాటు నాకు ఆ ఎడమ గుండీ నుంచే వచ్చింది.

మూడో అడుగు: వెలుగును కెమెరా కంటే ముందు మీరు కొలవండి

ఫిల్ము మీద ఐ.ఎస్.ఓ. రీలంతటికీ ఒక్కటే. ఇది లోపంలా కనబడుతుంది గానీ అలవాటు మీద దీని ప్రభావం చాలా పెద్దది: రోజును రీలు ప్రకారం పంచుకోవలసి వస్తుంది. గోపాల్‌పూర్ ఇసుక మీద మధ్యాహ్నం తీసిన రీలుతోనే రాయగడ కొండల్లో సవర ఇంటి లోపలి గోడను తీయాలంటే ముందుగా ఆలోచించాలి. ఎర్రమట్టి పూత మీద తెల్లటి బొమ్మలతో ఉండే ఆ ఇడితాల్ చిత్రాలు పూజకు సంబంధించినవి కనుక ఇంటివారి అనుమతి అడిగాకే లోపలికి వెళ్లాలి. అడిగి వెళ్లినా, తలుపు సందున వచ్చే వెలుగే గతి. ఐ.ఎస్.ఓ. 400 రీలుతో అక్కడ షట్టర్ వేగం సెకనులో 15వ వంతు దాకా దిగవలసి రావచ్చు, చేతితో పట్టుకుంటే చిత్రం వణుకుతుంది. అందుకే ఫిల్ముతో పనిచేసేవారు ఇంటి తలుపు ఏ దిక్కుకు ఉంది, ఎండ ఏ వేళకు గడప దాటుతుంది అని ముందే అడిగి తెలుసుకునేవారు. డిజిటల్‌లో ఐ.ఎస్.ఓ. 6400కు పెంచి అప్పటికప్పుడు తీసేయవచ్చు. తీయండి కూడా, కానీ ఎండ వేళ అడిగే అలవాటును వదులుకోకండి, ఎందుకంటే పెంచిన ఐ.ఎస్.ఓ. చీకట్లో ఫోటోను తీయగలదే తప్ప మంచి వెలుగును తేలేదు.

మీటరు లేకుండా వెలుగును అంచనా వేయడానికి పాతవారు వాడిన సూత్రం సులువైనది. నిండు ఎండలో అపెర్చర్ ఎఫ్/16 పెట్టి (ఈ అంకె పెద్దదయ్యేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది), షట్టర్ వేగాన్ని ఐ.ఎస్.ఓ. అంకెకు దగ్గరగా ఉంచాలి. అంటే 400 రీలుకు సెకనులో 500వ వంతు. గోపాల్‌పూర్ ఇసుకలాంటి మెరిసే చోట ఎఫ్/22, పలచటి మబ్బుకు ఎఫ్/11, మామూలు మబ్బుకు ఎఫ్/8, దట్టమైన మబ్బుకు ఎఫ్/5.6, అరుగు మీది పలచటి నీడకు ఎఫ్/4. ఈ వరసను కంఠతా పట్టి, వారం రోజుల పాటు కెమెరా లేకుండానే, బస్టాండులోనూ సంతలోనూ నిలబడి ప్రతి వెలుగుకూ మనసులో ఒక అంకె చెప్పుకోండి. తరువాత ఫోను మీటరుతో సరిచూసుకోండి. నాలుగైదు రోజులకు అంచనా ఒక మెట్టుకు, అంటే వెలుగు రెట్టింపో సగమో అయ్యే తేడాకు, అటూ ఇటూగా స్థిరపడుతుంది.

మీటరు ఉన్నా దాని స్వభావం తెలియాలి. ఎదురుగా ఉన్నది ఏదైనా మధ్యస్థమైన బూడిదరంగేనని మీటరు అనుకుంటుంది. కాబట్టి పెద్దాయన చేతిలోని నల్లటి కొమ్ము ఫ్రేమును నింపితే దాన్ని బూడిదగా చేయాలని వెలుగు పెంచుతుంది, తెల్లటి పట్టు పంచె నింపితే దాన్నీ బూడిద చేయాలని తగ్గిస్తుంది. నల్లదానికి ఒకటి రెండు మెట్లు తగ్గించాలి, తెల్లదానికి అంతే పెంచాలి.

ఫిల్ము అలవాటు డిజిటల్‌లో మనల్ని దెబ్బతీసే చోటు కూడా ఇదే గనుక కొంచెం ఆగి చదవండి. నెగెటివ్ ఫిల్ము ఎక్కువ వెలుగును ఓర్చుకుంటుంది, తక్కువ వెలుగును ఓర్చుకోదు. నీడలో వెలుగు తగలని భాగం ఫిల్ము మీద ఖాళీగా మిగులుతుంది, తరువాత ఏం చేసినా అక్కడ వివరం రాదు. అందుకే స్టూడియోల్లో పని నేర్చుకున్న మాకు, అనుమానం వస్తే ఒక మెట్టు ఎక్కువ ఇవ్వడం చేతికి అలవాటైపోయింది. డిజిటల్ సెన్సరు దీనికి తలకిందులు. దానిలో నీడను చాలావరకు పైకి తీయవచ్చు, కానీ వెలుగు హద్దు దాటిన చోట తెల్లటి మచ్చ తప్ప ఏమీ ఉండదు. నేను డిజిటల్‌లో తీసిన మొదటి పెళ్లిలో, తలంబ్రాల వేళ, పాత అలవాటుతో ఒక మెట్టు ఎక్కువ ఇచ్చి పెళ్లికొడుకు పంచె మడతలన్నీ పోగొట్టుకున్నాను. ముత్యాలతో కలిసిన బియ్యం గింజలు ఆ తెలుపులో కలిసిపోయాయి. నెగెటివ్‌కు నీడను చూసి కొలవాలి, డిజిటల్‌కూ, నెగెటివ్ కాక నేరుగా బొమ్మే వచ్చే స్లైడు ఫిల్ముకూ మెరిసే భాగాన్ని చూసి కొలవాలి. డిజిటల్‌లో రా ఫైలు (సెన్సరు పట్టినదాన్ని పట్టినట్టే దాచే ఫైలు) పెట్టుకుని, హిస్టోగ్రామ్ (ఫోటోలో చీకటి నుంచి వెలుగు దాకా ఏది ఎంత ఉందో చూపే గీత) కుడి అంచును గుద్దుకుంటోందేమో చూసుకోండి. తెర వెలుగును నమ్మకండి. ఎండలో అది నల్లగానూ, రాత్రి తెల్లగానూ అబద్ధం చెబుతుంది.

నాలుగో అడుగు: తీయక ముందు నిలబడండి, తీసిన తరువాత రాయండి

మొదటి రీలుకు ఒకే చోటు ఎంచుకోండి. పర్లాకిమిడి రాజభవనం, బరంపురంలో పట్టు నేసేవారి వీధి, గుణుపురం సంత, ఏదైనా సరే, మీరు మూడుసార్లు వెళ్లగలిగే చోటు కావాలి. మొదటి అరగంట కెమెరా సంచిలోనే ఉండాలి. వెలుగు ఎటు నుంచి వస్తోంది, మనుషులు ఎక్కడ ఆగుతున్నారు, ఎక్కడ తలెత్తుతున్నారు అని చూడండి. మగ్గం దగ్గరైతే నాడె (అడ్డనూలును మోసుకుపోయే పనిముట్టు) ఒక చేతి నుంచి మరో చేతికి పోయే మధ్య నేతగాడి చూపు ఒక క్షణం ఆగుతుంది. పది నిమిషాలు చూస్తే ఆ లయ మీకు అందుతుంది, అందాక ఒక్క ఫ్రేము చాలు. ఆ లయ తెలియనివాడు ముప్ఫై తీసి, వాటిలో ఆ క్షణం ఉందేమోనని వెతుక్కోవాలి.

కెమెరా ఎత్తే ముందు మూడు ప్రశ్నలకు మనసులో మాటల్లో జవాబు చెప్పుకోండి: దేన్ని తీస్తున్నాను, అంచుల్లో ఏముంది, ఒక అడుగు ముందుకు వేస్తే మెరుగవుతుందా? మూడో ప్రశ్నకు తరచుగా అవుననే జవాబు వస్తుంది. నడుము దగ్గర పట్టుకుని పైనుంచి చూసే యాషికా మ్యాట్ వంటి కెమెరా దొరికితే ఒక రీలు దానితో తప్పక తీయండి. దాని అద్దంలో బొమ్మ కుడి ఎడమలు తారుమారై కనబడుతుంది కాబట్టి ఫ్రేము సరిచేయడానికే సమయం పడుతుంది. అంతేకాదు, ఫోటోగ్రాఫరు తల వంచి నిలబడతాడు. ఎదుటివారి ముఖం మీద యంత్రం గురిపెట్టినట్టు ఉండదు. పల్లెల్లో పెద్దవాళ్లు ఆ కెమెరా ముందు ఎంత సహజంగా కూర్చుంటారో నేను ఎన్నో ఏళ్లు చూశాను.

ఫిల్ము తనంతట తాను ఏదీ నమోదు చేయదు. జేబులో చిన్న నోటు పుస్తకం పెట్టుకుని ఫ్రేము సంఖ్య, అపెర్చర్, షట్టర్, వెలుగు, "ఏం అనుకున్నాను" అనే ఐదింటిని పెన్సిల్‌తో రాయండి. ఐదోది అన్నిటికంటే ముఖ్యం. "పొడి ఊదినప్పుడు కళ్లు మూసుకున్నాడు, కావాలనే తీశాను" అని రాసుకున్న వాక్యమే తరువాత ఫోటో గెలిచిందా ఓడిందా అన్నది తేల్చుతుంది.

ఐదో అడుగు: కడగడం, ఎదురుచూడటం, కాంటాక్ట్ షీట్

రంగు రీళ్లు కడిగే యంత్రాలు మన చిన్న ఊళ్లలో మూతపడ్డాయి. వాటిని కడిగే సీ-41 పద్ధతిలో రసాయనాన్ని సుమారు 38 డిగ్రీల దగ్గర కదలకుండా ఉంచాలి కాబట్టి రంగు రీలును పెద్ద నగరాల ల్యాబులకు కొరియర్‌లో పంపడమే మేలు. నలుపు తెలుపు మాత్రం ఇంట్లో కడగవచ్చు. వెలుగు చొరని సంచి, ట్యాంకు, డెవలపరు (బొమ్మను తేల్చే రసాయనం), ఫిక్సరు (దాన్ని నిలిపే రసాయనం), థర్మామీటరు ఉంటే చాలు. మన దగ్గర ఇబ్బంది వేడితో వస్తుంది. డెవలపరు పొట్లం మీద సాధారణంగా 20 డిగ్రీలకు సమయం రాసి ఉంటుంది. వైశాఖంలో మన కుళాయి నీరు 30 దాటుతుంది. 24 డిగ్రీలకే సమయాన్ని సుమారు మూడోవంతు తగ్గించాలి. ఇంకా వేడెక్కితే సమయం ఐదు నిమిషాల కిందికి పడిపోయి ఫిల్ము మచ్చలు మచ్చలుగా తేలుతుంది. వెడల్పాటి బేసినులో ఐసు ముక్కలు వేసిన నీళ్లు పోసి, రసాయనాల సీసాలన్నిటినీ అందులో నిలబెట్టి, అన్నీ ఒకే చల్లదనానికి వచ్చాకే పని మొదలుపెట్టండి. తీసిన రీలును వేడిలో నెలల తరబడి ఉంచితే దానిలోని బొమ్మ బలహీనపడుతుంది కనుక కడగడాన్ని వాయిదా వేయకండి.

నెగెటివ్‌లు చేతికి వచ్చాక వాటన్నిటినీ ఒకే కాగితం మీద పరిచి కాంటాక్ట్ షీట్ వేయించండి, కుదరకపోతే స్కాన్ చేసి 36ను ఒకే పేజీలో అమర్చండి. దీన్ని ఒక్కో ఫోటోగా చూడకండి, మొదటి నుంచి చివరిదాకా వరసగా చదవండి. మీరు ఎక్కడ దగ్గరగా వెళ్లారో, ఎక్కడ భయపడి దూరంగా ఆగారో, ఏ ఫ్రేము తరువాత తొందరపడి వెళ్లిపోయారో ఆ వరసలో తెలుస్తుంది. నా షీట్లలో ఒక తప్పు ఏళ్ల తరబడి కనబడింది: అసలు క్షణానికి ముందు రెండు ఫ్రేములు ఉండేవి, తరువాత ఒక్కటీ ఉండేది కాదు. వచ్చేసిందనుకుని కెమెరా దించేసేవాణ్ని. డిజిటల్‌లో నచ్చనివి అక్కడికక్కడే చెరిపేసేవారికి ఇటువంటి తప్పు ఎన్నటికీ తెలియదు. తప్పుల వరసే చెరిగిపోతుంది మరి.

ఆరో అడుగు: అదే క్రమశిక్షణతో డిజిటల్‌కు తిరిగి రండి

ఒకటి రెండు రీళ్ల తరువాత డిజిటల్ కెమెరా చేతికి తీసుకుని అదే చోటికి వెళ్లండి. మూడు షరతులు పెట్టుకోండి. పూటకు 36 ఫోటోలు మించకూడదు. తీసిన వెంటనే తెర మీద బొమ్మ కనబడే సదుపాయాన్ని ఆపివేయాలి, వెలుగు మారినప్పుడు మాత్రం ఒకసారి హిస్టోగ్రామ్ చూసుకోవచ్చు. వారం గడిచేదాకా ఏదీ చెరపకూడదు. తెర చూడటం మీద నేను ఇంత పట్టుపట్టడానికి కారణం సులువు. తల వంచి తెర చూసే ప్రతి రెండు సెకన్లూ ఎదుట జరుగుతున్నది మీరు చూడని రెండు సెకన్లు, మరియు మనుషులు ఫోటో అయిపోయిందనుకుని ఒళ్లు సడలించేది సరిగ్గా అప్పుడే. ఫోను విషయం మరీ చిత్రమైనది: మీరు మీట నొక్కకముందే అది వరుసగా ఫ్రేములు పట్టి ఉంచుకుని, చాలా సందర్భాల్లో కొన్నింటిని కలిపి ఒక్కటిగా చేసి ఇస్తుంది. అందుకే ఈ సాధనకు ఫోను వద్దంటాను.

రెండు వారాల తరువాత మొదటి అడుగులో దాచిన కాగితం బయటికి తీసి కొత్త అంకెలు రాయండి. నా దగ్గరకు వచ్చిన పిల్లల్లో ఎక్కువమందికి మొత్తం సంఖ్య బాగా తగ్గింది. గోడకు పెట్టుకోదగ్గవాటి సంఖ్య మాత్రం ఇంచుమించు అంతే ఉంది, కొందరికి పెరిగింది.

ఇక షరతులు వదలవలసిన చోట్లు. వీటిని గుర్తించలేకపోతే సాధన మొండితనంగా మారుతుంది. ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుంపులుగా వచ్చి గుడ్లు పెడతాయి, సుమారు 45 నుంచి 55 రోజులకు పిల్లలు ఇసుక చీల్చుకుని బయటికి వస్తాయి. అటవీ శాఖ అనుమతి లేకుండా అక్కడికి వెళ్లకూడదు, ఫ్లాష్ ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకూడదు. కృత్రిమమైన వెలుగుకు పిల్లలు సముద్రం దిక్కు మరిచి వెనక్కి పాకుతాయి. తెల్లవారుజామున ఉన్న కొద్ది వెలుగులో ఐ.ఎస్.ఓ. పెంచగలిగే డిజిటల్ కెమెరాయే అక్కడ సరైన పనిముట్టు, షట్టర్ చప్పుడు లేకుండా తీయగలిగితే మరీ మంచిది. అలాగే ఠాకురాణి యాత్రలో డప్పుల మధ్య ఎగిరే పులి వేషగాణ్ని పట్టాలంటే సెకనుకు పది ఫ్రేములు తీసే సదుపాయం వాడుకోండి. కాకపోతే ఆ ఎగురు ఎప్పుడు వస్తుందో ముందు చూసి, ఒక్క సెకను మాత్రమే నొక్కి వదలండి. పెళ్లి పనిలోనూ అంతే. మంగళసూత్రం కట్టే క్షణం మళ్లీ రాదు, ఆ ఇంటివారు మన సాధన కోసం డబ్బు ఇవ్వడం లేదు. అక్కడ వరుసగా తీయడం బాధ్యత. కానీ అప్పగింతల ముందు తండ్రి ఒక్కడే స్తంభం పక్కన నిలబడి ఉన్నప్పుడు ఒక్కసారే మెల్లగా నొక్కండి, చప్పుడు విని ఆయన ముఖం సర్దుకునేలోగా.

ఏడో అడుగు: ఎంచుకోవడం, దాచడం

తీసిన రోజే ఎంచకండి. ఆ రోజు మనసులో ఇంకా డప్పులు మోగుతుంటాయి, ఎండ తగులుతుంటుంది. ఫోటోలో లేనిది కూడా ఉన్నట్టు కనబడుతుంది. వారం తరువాత మొదటి విడతలో మూడోవంతు, మరుసటి రోజు అందులో పది, ఆ పదిని అచ్చు వేయించి వాటిలోంచి మూడు ఎంచుకోండి. ఎంచుకునే పనిని ఎన్నటికీ దాటవేయకూడదు. అమెరికాలో వీధుల ఫోటోలకు పేరుపడ్డ గ్యారీ వినోగ్రాండ్ 1984లో మరణించేనాటికి కడగని రీళ్లు సుమారు 2,500 మిగిలాయి. రీలు ఖర్చు కూడా ఆపలేనంతగా తీసే చేయి ఫిల్ము కాలంలోనూ ఉందన్నమాట. మన హార్డ్ డిస్కుల్లో తెరిచి చూడని ఫోల్డర్లు ఆ రీళ్లకు ఏం తీసిపోతాయి?

దాచడంలో రెండింటికీ శత్రువులు వేరు. మన తీర ప్రాంతపు తేమకు నెగెటివ్ మీదా లెన్సు లోపలా బూజు పడుతుంది; గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచి, అవి తేమ పీల్చాక ఎండబెట్టో వేడిచేసో మళ్లీ వాడాలి. డిజిటల్ ఫైలుకు బూజు పట్టదు కానీ డిస్కు ఒక్కసారిగా మొత్తం పోతుంది, కాబట్టి మూడు ప్రతులు, వాటిలో ఒకటి వేరే ఇంట్లో ఉండాలి. నౌపడ నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం వెళ్లే చిన్న రైలు, గేజి మార్పు కోసం 2004లో ఆగిపోయింది. అది ఆగే ముందు నేను ఫిల్ముతో తీసిన నెగెటివ్‌లు కిటికీలోంచి చేయి ఊపుతున్న పిల్లలతో సహా ఇప్పటికీ చక్కగా అచ్చవుతున్నాయి. ఆ తరువాతి ఏళ్లలో అదే స్టేషన్లలో డిజిటల్‌తో తీసి సీడీల్లో ఎక్కించుకున్నవాటిలో సగం తెరుచుకోవడం లేదు.

నెగెటివ్‌లను ఆరేసి ముక్కకు ఆరు ఫ్రేముల చొప్పున కత్తిరించి కవర్లలో పెట్టండి. కవరు మీద తేదీ, ఊరు, రీలు సంఖ్య రాయండి. ఫోల్డరుకూ అదే పద్ధతిలో పేరు పెట్టండి. నోటు పుస్తకంలోని పేజీకి నకలు తీసి కాంటాక్ట్ షీట్ వెనుక అంటించండి. ఎంచుకున్న మూడింటిలో ఎవరి ముఖం ఉందో వారికి ఒక ప్రతి తీసుకెళ్లి ఇవ్వండి. కొమ్ము పెద్దాయనకు ఇచ్చినప్పుడు ఆయన ఫోటోను వెలుగు వైపు తిప్పి చాలాసేపు చూసి, తన బొటనవేలి మీది పాత గాటును చూపించాడు. తీసేటప్పుడు దాన్ని మేం ముగ్గురం చూడలేదు. తరువాతి రీలు ఆ చేతుల కోసం ఎక్కించాం.